గజ్జెలు ఆగిన మధ్యాహ్నం

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. తలమీద ఫ్యాను కాసేపు మెల్లగా తిరిగి ఆగిపోయింది. నేను పడక్కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడను చూశాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలిని చూశాను. మనవరాలు మంచం కింద దూరి బొమ్మలతో ఆడుకుంటుంటే వంగి చూశాను. నాతో కలిపి నలుగురం. అందరం ఉన్నాం. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

"ఏం దేవులాడుతున్నరు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు" అన్నాను. కానీ ఉంది. ఆ అలవాటు నాది కాదు, ఒక ముసలావిడది. హోలీ వెళ్ళిన నాలుగో రోజు పోయింది. తొంభై దాటిన మనిషి. పోతూ పోతూ తన అలవాటును నాకు అంటగట్టి పోయింది.

ఆవిడ పేరు రాయను, ఊరి పేరూ రాయను. ఒకసారి పేరు రాసి నేను చేసిన నిర్వాకం చాలు. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే దారిలో ఎడపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక ఊరు అనుకోండి. నేను బోధన్‌లో ఉంటాను, నిజామాబాద్‌లో సర్కారు బడిలో తెలుగు చెబుతాను. సోమవారం సోమవారం ఆవిడ మా బస్సెక్కేది. ఆధార్ కార్డు కండక్టరు మొహం మీదికి చాపి, "జీరో టికెట్ కొట్టు, జల్ది" అని గద్దించి, డ్రైవరు వెనక సీట్లో కూర్చునేది. ఆ సీట్లో అప్పటికే ఎవరున్నా లేవాల్సిందే. ఎడమచేత్తో కడ్డీ పట్టుకునేది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో ఎప్పుడూ పిడికిలి బిగించి ఉండేది, కనబడని తాడేదో పట్టుకున్నట్టు. నొప్పి అనుకున్నాను నేను. 

ఎక్కడికి పోతున్నావంటే కంటి చుక్కల మందుకు అనేది. చుక్కల సీసా నెలకొకటి సరిపోతుంది. ఈవిడకు వారానికొకటి కావాలి. "కండ్లల్ల పోసుకుంటున్నవా, కూరల పోసుకుంటున్నవా అవ్వా?" అని కండక్టరు ఆటపట్టించేవాడు. "నీ అవ్వకు పోస్త, నోరు మూసుకొని టికెట్లు కొట్టు" అనేది. ఆవిడ నోటికి జడిసి చాలామంది ముందు సీట్లకు వెళ్ళేవాళ్ళు కాదు. నాకు మాత్రం ఆ నోరంటే ఇష్టంగా ఉండేది. బడిలో రోజంతా నేను మాట్లాడడమే గానీ నన్ను కసిరేవాళ్ళు ఎవరున్నారు?

దారిలో రైల్వే గేటు పడితే డ్రైవరు ఇంజిన్ ఆపేసేవాడు. ఆపిన మరుక్షణం ముసలావిడ లేచి నిలబడేది.

"ఎందుకు బంద్ చేసినవ్ రా?"

"గేటు పడ్డది గద అవ్వా."

"గేటు పడితే బండి ఆపు. సప్పుడెందుకు ఆపినవ్? నడిపియ్."

"డీజిలు మీ అయ్య పోస్తడా?"

ఆవిడ వెనక్కి తిరిగి బస్సులో ఉన్న ఒక్కొక్కరి మొహం మీద కళ్ళు పెట్టి, పెదాలు కదుపుతూ చివరి సీటు దాకా చూసేది. చూసి కూర్చునేది. వాళ్ళనూ వీళ్ళనూ పరకాయించి చూడడం ముసలమ్మలకు మామూలే కదా అనుకున్నాను. మనుషులను లెక్కపెడుతోందని చాలా రోజులదాకా నాకు తట్టలేదు.

నిజామాబాద్ బస్టాండు బయట ఒక చెరుకు రసం బండి ఉంది. మిషన్ చక్రానికి గజ్జెల పట్టీ కట్టి ఉంటుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ గజ్జెలు మోగుతాయి. బస్సు దిగిన ముసలావిడ మందుల దుకాణం వైపు కాదు, నేరుగా ఆ బండి దగ్గరికి పోయేది. తను మాత్రం ఒక్క చుక్క తాగేది కాదు. "గా మూటల కూలాయనకు ఒకటి పొయ్యి బిడ్డా. గా ఆటో పిలగానికి ఒకటి. పంతులుసారుకు ఒకటి." చక్రం ఆగబోతోందంటే చాలు, ఎవరో ఒకరిని కేకేసి పిలిచేది. ఎన్ని గ్లాసులు తాగానో నాకే తెలియదు. డాక్టరు నా షుగర్ చూసి తిట్టాడు కూడా. వద్దవ్వా అంటే, "గానుగ కాడికి అచ్చినోడు వద్దనొద్దు, గానుగ కాడున్నోడు లేదనొద్దు" అనేది. బండివాడు ముప్పై ఏళ్ళవాడు. తెల్ల టోపీ, చేతులకు మోచేతుల దాకా చెరుకు తడి. ఆవిడను చూడగానే స్టూలు తుడిచి వేసేవాడు. దానగుణం గల ముసలమ్మ అని వాడూ నమ్మాడు, నేనూ నమ్మాను.

ఇక నా నిర్వాకం సంగతి.

నాకు రాత పిచ్చి ఉంది. జిల్లా పేపర్లో ఆదివారాలు ఏదో ఒకటి రాస్తుంటాను. పోయిన ఏడాది మాఘంలో ఆవిడ ఊరి వాళ్ళు నన్ను పిలిచారు. ఊరి మొదట్లో ఇద్దరి పేర్లు చెక్కిన రాయి ఒకటి ఉంది. ఏటా మాఘంలో దానికి పూలు వేసి సభ పెడతారు. ఆ ఇద్దరిలో ఒకరి కొడుకు, డెబ్బై ఏడేళ్ళ పెద్దమనిషి, నాకు కథంతా చెప్పాడు. తండ్రి చచ్చిపోయినప్పుడు ఆయన తల్లి కడుపులో ఉన్నాడు. ఊరంతా ఆయన్ను పెద్దోడు అంటారు.

నైజాం పోయే ముందటి ఏడాది, దొర ఖాళీ చేసి పోయిన గడిలో సర్కారు సిపాయిలు పది పన్నెండు మంది వచ్చి దిగారట. ఊరి గింజలు ఊడ్చుకుపోవడం, మగవాళ్ళను కట్టి కొట్టడం, ఆడవాళ్ళు బావికి పోవాలంటే వణకడం. ఓర్చి ఓర్చి ఊరు ఒకటైంది. గడి వెనక చెరుకుతోటలో కొందరు, వాగు వైపు కొందరు, చెరుకు కొట్టే కత్తులతో దాక్కున్నారు. గడి పక్కనే చెరుకు గానుగ. దాని ఎద్దుల మెడల్లో గజ్జెలు. గానుగ ఆడినన్నాళ్ళూ ఆ మోత ఊరంతా ఉంటుంది. సిపాయిలు తిండికి కూర్చున్న వేళ ఆ గజ్జెలు ఆగాలి. ఆగడమే గురుతు. గానుగ తోలుతున్నది కొత్తగా కాపురానికి వచ్చిన పదహారేళ్ళ కోడలు. ఆవిడే ఎద్దులను ఆపింది. ఊరు లేచింది. సిపాయిలు చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు పారిపోయారు. ఊళ్ళోవాళ్ళు ఇద్దరు తుపాకులకు పడిపోయారు.

ఆ కోడలే మా బస్సు ముసలమ్మ. వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చి గుక్క తిప్పుకోకుండా రాశాను. తిండికి కూర్చున్న సిపాయిల చేతికి తుపాకులు అంత తొందరగా ఎలా అందాయని ఎవరైనా అడుగుతారు కదా. దానికీ ఊరు జవాబు చెప్పింది. రాగి, ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూసే సాయిబు ఒకాయన ఆ పొద్దున గడిలోనే పని చేశాడు. ఆయనే సిపాయిలకు చెప్పేశాడట. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవడైనా గుట్టు బయటపెడితే "కలాయి పెట్టిండురా" అంటారు. నేను దాన్ని చక్కని వాక్యం చేశాను: "గిన్నెలకు కళాయి వేసే చేతులే ఊరికి ద్రోహం చేసి ఉప్పందించాయి." రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను. అంత బాగా కుదిరింది నాకు.

సోమవారం బస్సులో పేపరు తీసి ఆవిడ పక్కన కూర్చుని చదివి వినిపించాను. తన పేరు వచ్చినప్పుడు ఆవిడ కదల్లేదు. కళాయి వాక్యం రాగానే నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"ఊరంతా చెప్పింది గదవ్వా."

"ఊరంత సెప్పింది. నేను జెప్పిన్నా? నన్ను అడిగినవా?"

పేపరు నా చేతిలోంచి గుంజుకుని మడిచి కింద వేసుకుని దానిమీద కూర్చుంది. నాకు రోషం వచ్చింది. వీరవనితను చేస్తే ఇదా మర్యాద అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళకు ఆవిడ మా బడికి వచ్చింది. ఎవరిని అడిగి వచ్చిందో తెలియదు. స్టాఫ్ రూములో నేనొక్కణ్ణే ఉన్నాను. బల్లమీద కూర్చుని, బయట పిల్లల అరుపులు కాసేపు వింది. అవి ఆగవని నమ్మకం కుదిరాక మొదలుపెట్టింది.

"సారూ, నువ్వు రాసింది తప్పు. ఉప్పందిచ్చినోడు ఎవ్వడు లేడు. పొద్దుగాల్నే మా మామ నాకు ఖరారుగ సెప్పిండు. సెరువు కట్టమీద మనూరి ముసలాయన ఒకడు కూసుంటడు. వాగు దిక్కోళ్ళు అచ్చి దాసుకున్నంక ఆయన నెత్తి రుమాలు ఇప్పుతడు. అది సూసి ఎద్దుల్ని ఆపు. అప్పటిదాంక దేవుడు దిగొచ్చినా ఆపకు అన్నడు. ఎవలన్న రసం అడిగితే పొయ్యనీకి కుండ నింపి పక్కకు పెట్టిండ్రు, నేను ఆపే పని లేకుండ."

"మరి?"

"మరేంది. సెరుకు కొట్టేటోళ్ళు తాగి తాగి కుండ అడుగంటింది. పొద్దు నెత్తిమీదికి అచ్చింది. నేను ఎద్దుల ఎంబడి తిరుగుతున్న, కట్టదిక్కు సూస్తున్న. తిరుగుతున్న, సూస్తున్న. రుమాలు ఇప్పడు. తోటల మావోళ్ళు ఉన్నరు, ఆకు గూడ కదలదు. మా బావ ఉన్నడు అండ్ల. గడిల పల్లాల సప్పుడు అయితున్నది, సిపాయిలు కూసున్నరు తిన్నీకి. గప్పుడు ఒకడు అచ్చిండు, సెంబు పట్టుకొని."

ఎవరని అడిగాను.

"సిపాయే. సన్నగ, పీలగ ఉంటుండె. మరాఠోడు. దినాం అచ్చేటోడు. నన్ను తాయీ అంటుండె. వాళ్ళ మాటల అక్క అన్నట్టు. 'తాయీ, థోడా రస్ దే' అన్నడు. పక్క కుండ సూసిన. లేదు. గానుగ కింది కుండల ముంచాలంటే ఎద్దులు ఆగాలె, లేకుంటే దూలం నెత్తికి కొడ్తది. నన్ను తెచ్చుకున్న మొదటి దినమే మా అత్త సెప్పింది సారూ, గానుగ కాడ ఎవలడిగినా లేదనొద్దు, లేదంటే బెల్లం కట్టది అని. దుష్మన్ అడిగినా లేదనొద్దు అని." 

ఒళ్ళో ఉన్న కుడి పిడికిలిని పైకెత్తింది. "గీ సెయ్యి పగ్గం గుంజింది. నేను గుంజలే. సెయ్యి గుంజింది."

బయట పిల్లల అరుపులు తగ్గాయి. ఆవిడ తల కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ ఎవడో అరిచాడు, మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఆగినయ్. ముంచి ఆని సెంబు నింపిన. అన్ని దినాలు ఆ గజ్జెలు ఇనీ ఇనీ మాకు ఇనబడకుంట అయినయ్. ఆగితే ఇనబడ్డది. కట్టమీద సూసిన. రుమాలు నెత్తికే ఉన్నది. ముసలాయన లేసి రెండు సేతులు ఊపుతున్నడు, వద్దు, వద్దు అని. ఎద్దుల్ని అదిలిచ్చిన. నడువయి. కొట్టిన. నడువయి. పొద్దంత తిరిగిన ఎద్దులు, నిలవడితే సుఖమనిపియ్యదా వాటికి? గంతల్నే సెరుకు గలగలమన్నది. మావోళ్ళు లేసిండ్రు. తుపాకులు పెట్టిన గోడ వాగు దిక్కోళ్ళు పట్టుకోవాలె. వాళ్ళు ఇంకా రానే లేదు. సిపాయిలకు తుపాకులు అందినయ్. గంతే సారూ. ఎవ్వడు ఉప్పందియ్యలే. నేను తొందరగ ఆపిన."

"ఆ సిపాయి?"

"సెంబు ఒలుకకుంట కింద పెట్టిండు. గంత భయంల గూడ. పెట్టి సెరుకుల వడి ఉరికిండు. బతికిండో సచ్చిండో."

కట్టమీది ముసలాయన ఊళ్ళోవాళ్ళతో "రుమాలు ఇప్పిన్నేమో, యాదికి లేదు" అన్నాడట. చిన్నపిల్లను కాపాడదామని అన్నాడు, కడుపులో పెట్టుకునే పోయాడు. కానీ ఇద్దరు చచ్చాక ఊరికి ఎవడో ఒక తప్పు చేసినవాడు కావాలి. కళాయి సాయిబు కొలిమిని తన్ని పారేశారు. పెళ్ళాం పిల్లలతో నడిచి పొమ్మన్నారు.

"మా ఇంటి ముంగట్నుంచే పోయిండు సారూ. నేను కడపల నిలవడ్డ. నా పుట్టింటి ఇత్తడి గిన్నె ఆయన కాడ ఉండె, కలాయికి ఇచ్చిన. మూటలకెల్లి తీసి నా సేతిల పెట్టిండు. 'కలాయి అయింది కోడలా, మాడకుంట వాడుకో' అన్నడు. అప్పుడన్న నోరు తెరువాలె గద నేను? తెరువలే." 

ఎందుకు తెరవలేదని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. చచ్చిపోయిన ఇద్దరిలో ఒకడు ఆవిడ బావ. ఆయన భార్య, ఆవిడకు ఏరాలు, అంటే తోడికోడలు, అప్పుడు ఆరు నెలల గర్భిణి. "అరవై ఏండ్లు ఒక్క కుండల తిన్నం, పక్క పక్కన పండుకున్నం. నీ మొగన్ని నా సెయ్యి సంపింది అని ఎట్ల జెప్పుదు? ఇప్పుడు ఏరాలు పోయింది. దాని కొడుకు పెద్దోడు ఉన్నడు. ఆనికి బువ్వ తినిపిచ్చిన సెయ్యి గూడ ఇదే."

లేచి చీర దులుపుకుంటూ అసలు సంగతి చెప్పింది. రసం బండి పిల్లవాడు ఆ కళాయి సాయిబుకు మనవడు. సాయిబు కొడుకు నిజామాబాద్‌లో కళాయి కొట్టు పెట్టినప్పటి నుంచీ ఆవిడకు తెలుసు. స్టీలు గిన్నెలు వచ్చి కళాయి పోయింది. మనవడు బండి పెట్టాడు. ఏళ్ళ తరబడి సోమవారం సోమవారం చెబుదామనే వచ్చింది. గజ్జెలు మోగుతున్నంతసేపూ నోరు పెగలదు. గజ్జెలు ఆగితే ప్రాణం పోతుంది. "నువ్వు రాసినంక ఇంక ఆగొద్దు సారూ. నా ఎంబడి రా" అంది.

మరుసటి సోమవారం పోయాం. ఆవిడ సంచిలో పాత చీరముక్కలో చుట్టిన గిన్నె ఉంది. బండివాడు మమ్మల్ని చూసి నవ్వి చక్రం తిప్పాడు.

"ఆపు బిడ్డా" అంది ముసలావిడ.

ఆ నోటి నుంచి ఆ మాట వాడు ఎప్పుడూ వినలేదు. ఆపాడు. ఆవిడ స్టూలు మీద కూర్చోలేదు. నిలబడి, పిడికిలి బిగించుకుని, నాకు చెప్పిందంతా చెప్పింది. నాకు చెప్పినదానికంటే తక్కువ మాటల్లో చెప్పింది. చెప్పి గిన్నె వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని వెలుతురుకు వంచి, బొటనవేలితో లోపల రుద్ది చూశాడు. కళాయి ఇంటి పిల్లవాడు కదా, ఆ పని తెలుసు వాడికి. కళాయి మీద ఒక్క గీత లేదు. ఆ గిన్నెలో ఆవిడ ఒక్కసారి కూడా వండలేదు.

"మా దాదా చచ్చిపోయేదాంక ఒక్కటే మాట అన్నడు అవ్వా" అన్నాడు. "'నేను చెప్పలే' అన్నడు. మా అబ్బాజాన్ నమ్మిండు. మా అమ్మీ నమ్మిందో లేదో ఎర్క లేదు." గిన్నెను మళ్ళీ చీరముక్కలో చుట్టి వెనక్కి ఇచ్చాడు. "నాకు జెప్తే ఏం ఫాయిదా? నేను నమ్ముతనే ఉన్న. మీ ఊర్ల జెప్పు. పదిమంది ముంగట జెప్పు. అప్పుడు తీసుకుంట గీ గిన్నె."

మేము వెళ్ళేదాకా వాడు చక్రం తిప్పలేదు. ఆవిడ బస్టాండు గోడ పట్టుకుని నడిచింది.

ఈ ఏడాది మాఘం వచ్చింది. ఊళ్ళో సభ. పోయినేడాది రాతకు మెచ్చి నన్ను ముఖ్య అతిథిని చేశారు. నా వ్యాసాన్ని లామినేషన్ చేయించి రాతి పక్కనే కట్టారు. పెద్దోడు నాకు శాలువా కప్పాడు. ముసలావిడ నాకు ముందే చెప్పింది, "మైకు ఇస్తే సెప్త, నువ్వు పక్కకు ఉండు" అని. ఉంటానన్నాను.

మైకు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. "ఉప్పందిచ్చింది ఎవ్వలు గాదు. నేనే ఎద్దుల్ని ముందుగాల్నే ఆపిన. కలాయి సాయిబు మీద మన్ను వోసినం మనం" అంది. టెంటు కింద వెనకనుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. పెద్దోడు వచ్చి ఎంతో మెత్తగా మైకు తీసుకున్నాడు.

"మా సిన్నవ్వకు తొంబై దాటినయ్. యాది తప్పుతున్నది, ఏమనుకోకుండ్రి" అన్నాడు. లామినేషన్ వైపు చెయ్యి చూపాడు. "పేపర్ల సాఫ్ సాఫ్ ఉన్నది గద. పంతులుసారు ఊకెనే రాస్తడా? సెప్పు సారూ."

అందరూ నా వైపు చూశారు. ఆవిడా చూసింది. నేను లేచాను. నా భుజాల మీద ఆ శాలువా ఉంది. నా ఎదుట నన్ను నెత్తిన పెట్టుకున్న ఊరు ఉంది. "పాత సంగతులు... అవ్వ పెద్దమనిషి... ఎవరి యాది వారిది..." అని ఏదో నమిలి కూర్చున్నాను. ఆవిడ చెప్పిన నిజాన్ని ఊరు నమ్మలేదు, నేను రాసిన అబద్ధాన్ని నమ్మింది. అచ్చులో ఉంది కదా మరి. సిగ్గు అనే మాట బడిలో ఎన్నిసార్లు చెప్పానో, దాని అర్థం నాకు ఆ కుర్చీలో తెలిసింది.

ఆ తర్వాతి సోమవారం ఆవిడ బస్సెక్కి నాకు దూరంగా కూర్చుంది. రైల్వే గేటు పడింది. డ్రైవరు ఇంజిన్ ఆపాడు. ఆవిడ లేవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు, ఒక్క మాట అనలేదు. కండక్టరు కూడా భయపడి, "ఏమైంది అవ్వా, పాణం బాగలేదా?" అని అడిగాడు. దిగేటప్పుడు నా సీటు దగ్గర నిలబడింది.

"ఆగొద్దన్నప్పుడు నా సెయ్యి ఆగింది. ఆగొద్దన్నప్పుడు నీ నోరు ఆగింది. ఇద్దరం ఒక్కటే సారూ" అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. "గని నేను పదారేండ్ల పోరిని. నీకు నెత్తి నెరిసె గద?"

అదే ఆవిడ నాతో అన్న చివరి మాట. మళ్ళీ ఆ బస్సు ఎక్కలేదు. నెలా నెలన్నర తర్వాత పోయింది. చావుకు పోయాను. ఫ్లెక్సీ మీద "వీరవనిత" అని ఉంది, తల దగ్గర నా వ్యాసం ఉంది. కడిగి కట్టినా ఆవిడ కుడిచెయ్యి పిడికిలి విప్పుకోలేదని ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు. పాడె లేచేముందు పెద్దోడు నన్ను పక్కకు పిలిచి చీరముక్కలో చుట్టిన గిన్నె ఇచ్చాడు. "గిది నీకు ఇయ్యుమన్నది సారూ. ఎందుకో ఎర్క లేదు. నువ్వేమన్న అడిగినవా?" అన్నాడు. అప్పుడూ నాకు నోరు పెగల్లేదు. ఆ గిన్నె మా ఇంట్లో పుస్తకాల బీరువా మీద ఉండిపోయింది. నిన్న కరెంటు పోయి ఇంట్లో మనుషులను లెక్కపెట్టాక, దాన్ని దింపి బల్లమీద పెట్టుకుని ఇది రాయడానికి కూర్చున్నాను.

నిన్న రాసిన ఈ కాగితాలు, గిన్నె పట్టుకుని ఇవాళ పొద్దున రసం బండి దగ్గరికి పోయాను. పేపరుకు పంపేముందు వాడు వినాలి అనిపించింది. ఎండ ముదరలేదు, బేరాలు లేవు. ముసలావిడ పోయిందని వాడికి తెలుసు. స్టూలు తుడిచి వేశాడు.

"చదువు సార్" అన్నాడు. చెరుకు పెట్టకుండానే చక్రం తిప్పసాగాడు. గజ్జెలు మోగుతున్నాయి. నేను చదువుకుంటూ పోయాను, గేటు, గానుగ, చెంబు, శాలువా. నా శాలువా దగ్గర వాడు తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ దించుకున్నాడు. ఆఖరి కాగితంలో అన్నిటికంటే ముందే రాయాల్సిన మాటలు ఉన్నాయి. అవి చదివాను.

"ఆ రోజు సిపాయిలకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కళాయి సాయిబు గిన్నెలకు కళాయి వేశాడు, అంతే. ఆయన మీద నేను రాసింది అబద్ధం."

చక్రం ఆగింది.

బస్టాండు ముందు అంత రద్దీలోనూ ఆ ఆగడం వినబడింది. ఆటోవాళ్ళు ఇటు తిరిగారు. మూటల కూలాయన బీడీ చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు చూస్తున్నారు. నేను నాకు తెలియకుండానే వాళ్ళను లెక్కపెడుతున్నాను. పదిమందికి తక్కువ లేరు.

బండివాడు చేతులు తుడుచుకుని, నా ఒళ్ళోంచి గిన్నె తీసుకున్నాడు.

"మల్లొక్కసారి చదువు సార్" అన్నాడు. "గట్టిగ."

లేచి నిలబడి చదివాను.